ఏడుసార్లు కడిగిన జుట్టు

నూనె డబ్బా నేనే ఇచ్చాను. ఎవరూ నా చేతిలోంచి లాక్కోలేదు. అరచేతిలో ఇమిడిపోయే రేకు డబ్బా, మూత మీద ఎర్రటి పువ్వు బొమ్మ. ఆ చలికాలం సంగతి మా అత్తయ్య ఎప్పుడు చెప్పినా తట్టుతో మొదలుపెడుతుంది. నాకు మాత్రం ఆ డబ్బాతోనే మొదలవుతుంది.

తట్టు పోసింది మా ఫుకికి కాదు. సినిమాలో చిన్న దొరగా వెయ్యాల్సిన పిల్లవాడికి.

అప్పటికి నేను క్యోటో పడమటి చివర స్టూడియోలో, ఆడవాళ్ళ విగ్గుల గదిలో పనిచేస్తున్నాను. మా ఆయన అక్కడే సెట్లు కట్టే వడ్రంగి. ఆ ఏడు వసంతంలో ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. ఆయన పోయిన నెలకి స్టూడియోవాళ్ళు పిలిచి నాకు ఈ పని ఇచ్చారు. యుద్ధంలో ఆరో తరగతితోనే బడి మానిపించి, నన్ను పారాచూట్ గుడ్డ కుట్టే కార్ఖానాకు పంపారు. చదువు అక్కడే ఆగినా చేతికి పని అలవాటైంది. విగ్గుల పెద్ద మసుకిచి తాత దువ్వెన నా చేతికిచ్చి, "పుస్తకంతో పన్లేదమ్మా, వెంట్రుక ఎటు పడుకుంటానంటే అటు పడుకోబెట్టు" అన్నాడు. పొద్దంతా త్సుబాకి అనే ఎర్రపూల చెట్టు గింజల నూనె, మైనం. ఇంటికి వెళ్ళి ఎన్ని నీళ్ళు పోసుకున్నా ఆ వాసన పోయేది కాదు. రెండున్నరేళ్ళ ఫుకి ఆ చేతులు ముక్కుకు ఆనించుకుంటేగాని నిద్రపోయేది కాదు.

ఆ చలికాలం డైరెక్టరు నెగోరోగారు ఒక పరదేశపు నాటకాన్ని మన పాత యుద్ధాల కాలానికి మార్చి తీస్తున్నారు. ఎప్పుడో వందల ఏళ్ళ కిందటి నాటకం. కోట పడిపోతుంది, దొర చచ్చిపోతాడు. గెలిచిన రాజు దొర పెళ్ళానికి కబురు పంపుతాడు, నీ కొడుకుని నాకివ్వు, నా బిడ్డలా పెంచుకుంటానని. అదృష్టమంటే నీదేనంటారు అందరూ. అప్పగించే రోజు పొద్దున ఆమె పిల్లవాడికి కొత్తబట్టలు కట్టి, తల దువ్వి, తన చేతుల్తోనే చంపేస్తుంది.

కథ రాసే పని నెగోరోగారు మా గదిలోనే చేసేవారు. ఆ తల్లి వేషం హనామురోగారిది. విగ్గు పెట్టేటప్పుడు ఆవిడ గంటసేపు కదలకుండా కూర్చోవాలి కాబట్టి, ఎక్కడికీ తప్పించుకుపోలేరని ఆయన ధీమా. బోర్లించిన పెట్టె మీద కూర్చుని కాగితాలు చదువుతుండేవారు.

"ఇక్కడ నాటకంలో ఈవిడ ఆరు పుటలు మాట్లాడుతుందండీ. దేవుళ్ళని పిలుస్తుంది, సముద్రాన్ని పిలుస్తుంది, తన చేతుల్ని తనే తిట్టుకుంటుంది."

"మా అమ్మ మా తమ్ముడు పోయిన రోజు బియ్యం కడిగింది. కడిగిన బియ్యమే మళ్ళీ మళ్ళీ కడిగింది. ఒక్క మాట మాట్లాడలేదు" అన్నారు హనామురోగారు, అద్దంలోంచే.

ఆయన ఆరు పుటలూ అడ్డంగా కొట్టేశారు. తర్వాత నా చేతిలోని దువ్వెన వైపు చూశారు. కొట్టేసిన చోట మూడే ముక్కలు రాశారు: తల్లి తల దువ్వుతుంది.

"కోటలూ గుర్రాలూ అన్నీ ఇట్టే మారిపోయాయి. పిల్లల్ని శత్రువుకి జామీనుగా ఇచ్చుకోవడం మనకు తెలిసిందే. ఒక్క ముడి దగ్గరే ఇరుక్కుపోయా. చంపడం ఎందుకు? పరదేశంవాళ్ళకి సరే, మనవాళ్ళు నమ్మాలి కదా. ఏమ్మా తోషియే, నీకూ పిల్ల ఉందిగా. ఏ తల్లైనా అలా చేస్తుందా?"

"చెయ్యదండి" అన్నాను.

"అబ్బ! నేను మూణ్ణెల్లుగా తల బద్దలు కొట్టుకుంటుంటే ఎంత తేలిగ్గా చెప్పేసిందో చూడండి!" అని ఆయన పకపకా నవ్వారు. మసుకిచి తాత కూడా నవ్వాడు. హనామురోగారు నవ్వలేదు.

పిల్లవాడికి తట్టు పోసింది నవంబరు చివర్లో. ఇంకెవర్ని తెచ్చినా కుదరలేదు. తెల్లటి ముఖం, పాతకాలపు దొరసానుల్లా నల్లరంగు వేసిన పళ్ళు, నుదుటి మీద రెండు మచ్చల్లా దిద్దిన కనుబొమలు, ఆ వేషంలో హనామురోగారిని చూసి పిల్లలు గుక్కపట్టి ఏడ్చేవారు. సరిగ్గా అప్పుడే ఒకరోజు అత్తయ్యకు మోకాళ్ళు పట్టేసి లేవలేకపోయింది. ఫుకిని వీపున కట్టుకుని పనికి తీసుకెళ్ళాను. గదిలో దింపి, కుంపటికి దూరంగా కూర్చోబెట్టి, మైనం కరిగిస్తున్నాను. వెనక్కి తిరిగేసరికి అది పూర్తి వేషంలో ఉన్న హనామురోగారి ఒడెక్కి, విగ్గు జడని రెండు చేతులతో ముక్కుకి అదుముకుని కూర్చుంది.

"ఈ పిల్ల బెదరదే!" అని నెగోరోగారు పెట్టె మీదనుంచి లేచిపోయారు.

అప్పటికప్పుడే అంతా నిర్ణయమైపోయింది. ఆడపిల్లైతే ఏం, చిన్న దొర బట్టలు వేస్తే ఎవరు కనిపెడతారు? కాని నెగోరోగారి పద్ధతి ఒకటుంది. తెర మీద తల్లీబిడ్డలుగా కనిపించేవాళ్ళు తెర బయట కూడా ఒకే కప్పు కింద ఉండాలి. సినిమా అయ్యేదాకా ఫుకి హనామురోగారింట్లో ఉండాలి. కన్నతల్లి కంటబడితే పిల్ల చూపు అటే పోతుంది కాబట్టి నేను సెట్టు మీదకి రాకూడదు.

"రెండు నెలలేగా" అంది అత్తయ్య. "ఆవిడ ఇంట్లో మూడు పూటలా తెల్లన్నం."

రెండోరోజు పొద్దున హనామురోగారు కళ్ళ కింద నల్లచారలతో వచ్చారు. "ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లింది పాపం. పడుకోబెట్టేటప్పుడు ఏం చేస్తావు నువ్వు? పాట పాడతావా?"

"పాటలు రావండి. నా చేతులు వాసన చూస్తుంది."

ఆవిడ నా చేతులు పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నారు. అంత పెద్ద నటి, నా పగిలిన వేళ్ళు. సిగ్గేసి వెనక్కి లాక్కున్నాను. పిల్ల ఏడుస్తోందన్న ఒక్క మాటే నా బుర్రలో తిరుగుతోంది. అరలోంచి కొత్త నూనె డబ్బా తీసి ఇచ్చాను. "మీ జుట్టుకి, చేతులకి కొంచెం రాసుకోండి. పడుకుంటుంది."

ఆ పూటనుంచి ఫుకి ఏడవలేదు.

"పిల్ల వెళ్ళేది ఆవిడ దగ్గరకి కాదమ్మా, నీ నూనె దగ్గరకి" అన్నాడు మసుకిచి తాత నన్ను ఓదార్చడానికి. ఆ మాటను నేను నమిలి నమిలి పిప్పి చేసుకున్నాను. డిసెంబరు అంతా గోడ ఇవతల కూర్చుని విగ్గులు దువ్వాను. గోడ అవతల అది నవ్వుతుంటే వినిపించేది. ఒకసారి పలకల సందులోంచి చూశాను. ఆవిడ కాల్చిన చిలగడదుంప ఊది తినిపిస్తున్నారు. ఫుకి ఒక ముక్క తను తిని, ఒక ముక్క ఆవిడ నోట్లో పెడుతోంది. ఇంట్లో ఎప్పుడూ నాకలా పెట్టలేదు. పెట్టడానికి మిగిలేది కాదు.

కొత్త సంవత్సరానికి ఒక్క పగలు ఇంటికి పంపారు. ఎర్రపట్టు దూదికోటులో వచ్చింది. బుగ్గలు వచ్చాయి. నన్ను చూసి నవ్వింది, అత్తయ్య పెట్టిన మోచీ బియ్యపు ముద్ద సాగదీసుకుని తింది, నాన్న ఫోటో ముందు చేతులు జోడించమంటే జోడించింది. నా చేయి పట్టుకుని వాసన కూడా చూసింది. హమ్మయ్య అనుకున్నాను.

నాలుగింటికి ఎండ గుమ్మంలోంచి వెళ్ళిపోగానే అది లేచి, అరుగు కింద తన చెప్పులు వెతుక్కుని, రెండూ తెచ్చి నా ముందు పెట్టింది.

"ఎక్కడికే?"

"ఇంటికి" అంది.

అత్తయ్య దారం చుడుతున్న చక్రం ఆగింది. మళ్ళీ తిరిగింది. నేను ఆ చెప్పులు తొడిగి, వీధి చివర ఆగిన హనామురోగారి కారు దాకా నడిపించి తీసుకెళ్ళాను. ఎత్తుకుంటానంటే ఒప్పుకోలేదు.

పదిహేను రోజుల తర్వాత హనామురోగారు మా ఇంటికి వచ్చారు. వేషం లేకుండా ఆవిడ మామూలు మనిషి, నలభైకి దగ్గర పడ్డ మనిషి. మా ఆయన ఫోటో ముందు అగరొత్తి వెలిగించి, చాలాసేపు వంగి ఉండిపోయారు. తర్వాత మా వైపు తిరిగి, చాప మీద చేతులు ఆనించారు.

"నేను తీసుకుపోవడానికి రాలేదు. అడగడానికి వచ్చాను. నాకు ఎవరూ లేరు. ఫుకిని దత్తత ఇస్తే చదివిస్తాను. మీరు ఎప్పుడు కావాలంటే అప్పుడు వచ్చి చూసుకోండి. కుదరదంటే ఆ మాట చెప్పండి, మళ్ళీ నోరెత్తను."

ఆవిడ చెడ్డమనిషి అయితే ఎంత బావుండేదో.

నోరు తెరిచి కుదరదనబోయాను. దగ్గు వచ్చింది. అప్పటికి నెలనుంచీ వస్తోంది, చేతిగుడ్డలో దాచుకుంటున్నాను. ఆ పూట దాగలేదు. అత్తయ్య ముఖం కాగితంలా అయిపోయింది. హనామురోగారు గుక్కెడు వేడినీళ్ళు అందించి, ఆఖరి సీను అయిన మర్నాడు కాగితాలు తెస్తాను, అప్పుడు చెప్పండి అని సెలవు తీసుకున్నారు.

"ఏమే, ఎన్నాళ్ళనుంచి?" అంది అత్తయ్య.

"చలికి, అత్తయ్యా."

"వాడూ ఇదే అన్నాడు. నా కొడుకు. చలికి అమ్మా అన్నాడు, గుర్తుందా? ఆసుపత్రికి వెళ్ళవే అంటే రేపు అన్నాడు." ఆవిడ తిడుతోందో ఏడుస్తోందో తెలీలేదు. "నీ కడుపుకోత నాకు తెలీదనుకోకు. నేను కన్నవాణ్ణి నేనే కాటికి పంపాను. ఆ పిల్లైనా బతకనివ్వు. ఆఖరి సీను అయిన మర్నాడు కాగితాలు తెస్తానన్నారుగా. నీ ముద్ర వెయ్యి."

"నేను తల్లిని అత్తయ్యా."

"అందుకేనే వెయ్యమంటున్నాను."

సంతకం బదులు వేసే, నా పేరు చెక్కిన ముద్ర సొరుగులో చిన్న సంచిలో ఉండేది. రోజూ పనికి వెళ్ళేముందు సొరుగు లాగి, ఉందో లేదో చూసి, మూసేదాన్ని. పారేద్దామనుకున్నాను. పారేస్తే ఇంకొకటి చెక్కించవచ్చు. ఫుకినెత్తుకుని పారిపోదామనుకున్నాను. ఎక్కడికి? అది నాతో రావాలి కదా. పిల్లే నన్ను కాదన్నాక నేను ఎవరితో పోట్లాడాలి?

ఫిబ్రవరిలో ఆఖరి సీను. ముందురోజు మధ్యాహ్నం నెగోరోగారు గదిలోకి వచ్చి, "రేపు ఆవిడ జుట్టు విరబోసి ఉండాలి, ఎండుగడ్డిలా ఉండాలి. నూనె మెరుపు కనిపించిందంటే ఊరుకోను" అన్నారు. కాగితాల్లో ఆ సీనుకి ఒక్క మాట కూడా మిగల్లేదు. తల్లి పిల్లవాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని తల దువ్వుతుంది. పిల్లవాడు నవ్వుతాడు. ఎత్తుకుని కాగితపు తలుపుల వెనక్కి తీసుకెళుతుంది. తలుపులు మూసుకుంటాయి.

"ఇంతకీ చంపడం ఎందుకో తేలిందా?" అడిగాడు మసుకిచి తాత.

"తేలలేదు. కారణం రాయడం మానేశా" అన్నారాయన.

ఆయన వెళ్ళాక తాత నాకు పని చెప్పాడు. "ఒక్కసారి బూడిద నీళ్ళలో కడుగు, మెరుపు పోతుంది. ఆరాక కుదుళ్ళ దగ్గర వేలితో చుక్క నూనె రాసెయ్, పైకి కనబడదు. పిల్లనెత్తుకునే సీను, తెలుసుగా."

"తెలుసు తాతా."

ఒకసారి కడిగాను. నీళ్ళు పసుపు పచ్చగా వచ్చాయి. జుట్టు ముక్కు దగ్గర పెట్టుకుంటే నా వాసనే. రెండోసారి కడిగాను. మూడోసారి. ఇంకా ఉంది, పలచగా, దూరంగా ఎవరో నడిచి వెళ్ళినట్టు. తొట్టి నీళ్ళు గడ్డ కట్టబోతున్నంత చల్లగా ఉన్నాయి. చేతులు తిమ్మిరెక్కి దువ్వెన జారిపోతోంది. ఏడోసారికి ఏమీ లేదు. అది ఎవరి జుట్టూ కాదు. కుదుళ్ళకు చుక్క రాయలేదు.

పొద్దున హనామురోగారు వచ్చి కూర్చున్నారు. ఆవిడ సొంత జుట్టుకి నూనె ఉంది, నా డబ్బాలోదే. విగ్గు పెట్టేముందు దాని మీద పట్టుగుడ్డ మామూలుగా రెండు చుట్లు చుడతాం. నాలుగు చుట్టాను.

"బిగుతుగా ఉందే" అన్నారు.

"జుట్టు విరబోశాం కదండీ, జారకుండా ఉండాలని."

"చేతులు కూడా కడిగేసుకోమన్నారు. నూనె ఉంటే రంగు అంటదట." తెల్లరంగు పూసిన చేతులు ఒళ్ళో పెట్టుకుని ఆవిడ అద్దంలో నన్ను చూశారు. "రేపు నువ్వు కాదన్నా నాకు కోపం ఉండదు తోషియే. నిజం."

నేను తలవంచుకుని దువ్వాను.

విగ్గు జారితే సర్దడానికి ఆ ఒక్కరోజు నన్ను కూడా సెట్టు మీదకి రానిచ్చారు, దీపాల వెనక చీకట్లో నిలబడమని. దాసి వేషం వేసినావిడ ఫుకిని తీసుకొచ్చింది. చిన్న కిమోనో, చిన్న కత్తి. అది అందరికీ తల ఊపుతూ వచ్చి, అలవాటుగా హనామురోగారి ఒళ్ళో కూర్చుంది. కెమెరా తిరిగింది.

మొదట ఏమీ కాలేదు. ఆవిడ దువ్వెన తీసి దాని తలకి ఆనించారు. ఫుకి వెనక్కి తిరిగి, భుజం మీద వేలాడుతున్న ఆ పొడి జుట్టుని రెండు చేతులతో పట్టుకుని ముఖానికి అదుముకుంది. మళ్ళీ అదుముకుంది. తలెత్తి పైకి చూసింది. ఆ తెల్లటి ముఖాన్ని, నల్లటి పళ్ళని మొదటిసారిగా చూసింది.

ఆ అరుపు నేనెప్పుడూ వినలేదు. పుట్టినప్పుడు కూడా అది అలా అరవలేదు. కాళ్ళు తన్నుకుంటూ, దువ్వెనను కొడుతూ, "అమ్మా! అమ్మా!" అని అరిచింది. ఎవర్ని పిలిచిందో నాకు తెలీదు. నన్నో, నూనె రాసుకున్న ఆ ఇంటి అమ్మనో. నెగోరోగారు ఆపమనలేదు. హనామురోగారు ఆగలేదు. పెనుగులాడుతున్న పిల్లని గట్టిగా హత్తుకుని, దువ్వెనతో ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు దువ్వారు. లేచారు. తలుపుల వెనక్కి నడిచారు. తలుపులు మూసుకున్నాయి. లోపలనుంచి అరుపు వస్తూనే ఉంది.

ఆ సమయంలో నాకు దగ్గు వచ్చింది. కెమెరా తిరుగుతుంటే శబ్దం చెయ్యకూడదు. స్టూడియోలో చేరిన మొదటి రోజు నేర్పేది అదే. చేతిగుడ్డ నోట్లో కుక్కుకున్నాను. నా బిడ్డ పది అడుగుల దూరంలో అలా అరుస్తుంటే, నేను సీను పాడవకూడదని దగ్గు ఆపుకుంటూ నిలబడ్డాను.

"కట్" అన్నాక నెగోరోగారు కుర్చీలో కూలబడి కళ్ళు తుడుచుకున్నారు. "చాలు. ఇంకోసారి తియ్యక్కర్లేదు. పిల్లకి తెలిసిపోయింది చూశారా! వెయ్యి మాటలు రాసినా ఇది వచ్చేదా?"

ఫుకిని దాసి వేషమావిడ మా గదికి తెచ్చి, చాప మీద దింపింది. ఎక్కిళ్ళు పెడుతోంది. నేను చేతులు చాపాను. రాలేదు. నా చేతులూ బూడిద నీళ్ళలో ఏడుసార్లు మునిగినవేగా. పక్కనున్న మైనం గిన్నెలో వేళ్ళు ముంచి, అరచేతులకు పులుముకుని మళ్ళీ చాపాను. అప్పుడు వచ్చింది.

హనామురోగారు తలుపు దగ్గర నిలబడి ఇదంతా చూశారు. లోపలికి వచ్చి, విగ్గు తీయమని నన్ను అడగకుండా తనే రెండు చేతులతో పైకెత్తి తీసుకున్నారు. జుట్టుని ముక్కు దగ్గర పెట్టుకున్నారు.

"ఎన్నిసార్లు?" అన్నారు.

"ఏడు."

మసుకిచి తాత దువ్వెన కింద పెట్టి, గోడ వైపు తిరిగాడు.

ఆవిడ ఏమంటారోనని చూశాను. తిడితే పడదామనుకున్నాను. తిట్టలేదు. "నేను చెప్పానుగా, కాదంటే చాలని" అన్నారు, చాలా నెమ్మదిగా. రంగు కారిపోయి ముఖం అక్కడక్కడా మామూలు చర్మంలా ఉంది. అల్లంత దూరంనుంచే ఫుకి వైపు చెయ్యి చాచబోయారు. అది నా రొమ్ములో ముఖం దాచుకుంది. చెయ్యి వెనక్కి తీసుకుని, తన సంచిలోంచి రేకు డబ్బా తీసి అద్దం ముందు పెట్టారు. సగం ఖాళీ. లోపల ఆవిడ వేలి గుర్తులున్నాయి.

కాగితాలు రాలేదు. అత్తయ్య మూడురోజులు గుమ్మంలో కూర్చుని ఎదురుచూసి, నాలుగోరోజునుంచి నెలరోజులు నాతో మాట్లాడలేదు. నా దగ్గు ఎండలు ముదిరేసరికి పోయింది. పోతుందని ఆ ఫిబ్రవరిలో నాకు తెలీదు.

చెర్రీలు పూసే వేళకి సినిమా మా వీధి చివర హాలుకొచ్చింది. అత్తయ్య పట్టుబట్టి నన్నూ, పక్కింటావిడనీ తీసుకెళ్ళింది. ఆఖరి సీనులో హాలంతా ముక్కు చీదుతోంది. కాగితపు తలుపులు మూసుకున్నాక కూడా ఆ అరుపు వస్తూనే ఉంటుంది, తర్వాత ఉండదు. ఉత్త తలుపులు. పక్కింటావిడ చేతిగుడ్డతో కళ్ళు ఒత్తుకుంటూ నా మోచెయ్యి పొడిచింది.

"చూడవే తోషియే, ఎక్కడైనా ఏ తల్లైనా అలా చేస్తుందా?"

అటువైపునుంచి అత్తయ్య నా ముఖంలోకి చూసింది. ఆవిడకి ఎవరు చెప్పారో, ఎంతవరకు తెలుసో నేనెప్పుడూ అడగలేదు.

ఫుకికి ఇప్పుడు అయిదేళ్ళు. చెప్పిన మాట వింటుంది, ఏది పెడితే అది తింటుంది. దువ్వెన పట్టుకుని దగ్గరికి వెళ్తే మాత్రం మూలకి నక్కి, రెండు చేతులతో తల కప్పుకుంటుంది. ఎందుకని అడిగితే దానికే తెలీదు. పొద్దంతా ఎవరెవరి జుట్లో దువ్వి వస్తాను. నా కూతురి జుట్టు మాత్రం మగపిల్లాడిలా పొట్టిగా కత్తిరించే ఉంచుతాను.